మేస్త్రి చేసిన ఆరో రోజు

మా మేస్త్రి పోయాడు. శుక్రవారం సెలవు కదా, కాసేపు పడుకోనీ అనుకున్నాం. తొమ్మిదైనా లేవకపోతే, టీ చల్లారిపోతోందని వెళ్లి భుజం తట్టింది నేనే. నిద్రలోనే గుండె ఆగిందని తర్వాత డాక్టర్ చెప్పాడు. గల్ఫ్‌లో, మహబూలాలోని మా గదిలో ఆయన మంచమూ నా మంచమూ ఐదేళ్లుగా పక్కపక్కనే ఉన్నాయి.

కంపెనీ కాగితాల్లో ఆయన ఫోర్మన్. దజీజ్ గోడౌన్‌లో సరుకు దించి, సర్ది, మళ్లీ లారీలకెక్కించే పని మాది. ఆయనతో కలిపి ఏడుగురం. ఆయనది రాయచోటి వైపు, నాది అమలాపురం వైపు. నేను మేస్త్రిగారూ అని పిలిస్తే చాలు, నవ్వు మొదలుపెట్టేవాడు. "నువ్వు గారు అంటే నా యెనకాల ఎవురో పెద్దాయన ఉండాడనుకుంటా ఉండానప్పా" అనేవాడు.

నాలుగేళ్ల క్రితం గోడౌన్‌కి సరుకు రావడం తగ్గింది. ఒకణ్ణి తీసేస్తామని మేనేజర్ చెప్పాడు. ఆఖరున చేరింది నేను కాబట్టి ఆ ఒకడెవడో అడగక్కర్లేదు. ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు గడువు ఇంకా రెండు నెలలే ఉంది, ఇంటి దగ్గర చంటిపిల్ల. ఖలాస్, నీ పని అయిపోయింది అన్న మాట వినడానికి సిద్ధమై ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడ్డాను.

అప్పుడు మేస్త్రి ఒక అట్టముక్క పట్టుకుని లోపలికి వెళ్లాడు. దాని మీద పెన్సిలుతో లెక్క రాసుకున్నాడు. ఒకడు పోయాక ఆరుగురు వారానికి ఆరు రోజులు చేస్తే ముప్పై ఆరు. అదే ఎవరినీ తీసేయకుండా ఏడుగురు ఐదేసి రోజులు చేస్తే ముప్పై ఐదు. ఆయన హిందీ మా అందరి హిందీలాగే కుంటుతుంది గానీ ఆ రోజు మేనేజర్‌కి బాగానే అర్థమైంది. గదికొచ్చాక మాకు తన భాషలో చెప్పాడు. "ఒక్క దినమే సార్ తక్కువొచ్చేది, అది నేను చేస్తా, ఎవురినీ పంపొద్దండి అన్నా."

రోజులు తగ్గితే గది, ఏడాదికో టికెట్, ఇన్సూరెన్స్ కార్డు కూడా తగ్గించాలి కదా అన్నాడట మేనేజర్. "తగ్గింది దినాలు సార్, మనుషులు కాదు. జొరం వారానికి అయిదు దినాలే రాదు గదా" అన్నాడట ఈయన. మేనేజర్ నవ్వేశాడు. జీతంలో వారానికి ఒక రోజుది కోతపడింది, అందరం సణిగాం. కానీ ఎవడూ విమానం ఎక్కలేదు.

శుక్రవారం కాక, మా ఆరుగురికీ తలా ఒక సెలవు రోజు వచ్చింది. నాది సోమవారం. మొదటి సోమవారమే తప్పు చేశాను. కనిపించని వాణ్ణి కంపెనీ మర్చిపోతుందని భయం. బస్సెక్కి గోడౌన్‌కి పోయి, పెట్టెలకు ప్లాస్టిక్ చుట్టడం మొదలుపెట్టాను. మేస్త్రి చూసి దగ్గరికొచ్చాడు.

"ఏంటికొచ్చినావప్పా?"

"గదిలో ఊరికే కూర్చోలేకపోయానండి. ఓ చెయ్యి వేద్దామని."

ఆయన నా చేతిలోని ప్లాస్టిక్ చుట్ట లాక్కున్నాడు. "నీ దినం నువ్వు ఇంట్లో ఉంటేనే ఇంకొకడి దినం నిలిచేది. పో. ఈ పొద్దు పండుకునేదే నీ డ్యూటీ."

మంగళవారం వ్యాన్ ఎక్కగానే విచారణ. "నిన్న ఏం చేసినావు?" బట్టలు ఉతికానండి, తిని పడుకున్నానండి అంటే, "ఎంతసేపు పండుకున్నావు?" మూడు గంటలంటే, "మూడు గంటలా" అని తనే పడుకుని లేచినంత హాయిగా తలాడించేవాడు. ఆరుగురినీ ఇలాగే అడిగేవాడు. ఈయనకిదో పిచ్చి అనుకునేవాళ్లం.

ఇంకో సంగతి చెప్పకపోతే ఇది రాయడం దండగ. ఒక రోజు వంటగదిలో, "మనకి ఐదు పెట్టి తను మాత్రం ఆరు రోజుల జీతం ఉంచుకున్నాడు, గట్టివాడే" అన్నాను. అన్నది నేనే, నా ఉద్యోగం నిలబడింది ఎవరి పుణ్యానో మరిచి. వెనక మేస్త్రి ఉన్నాడు. లోపలికొచ్చి ఉప్పు డబ్బా తీసుకుని, "పప్పులో తక్కువైంది" అని వెళ్లిపోయాడు. ఆ తర్వాత కూడా నా మంగళవారం విచారణ మానలేదు. నేను క్షమించమని అడగలేదు. రేపు అడుగుదాం, ఎల్లుండి అడుగుదాం అనుకుంటూనే మూడేళ్లు గడిపేశాను.

ఆయన సామాను సర్దుతుంటే మంచం కింద రేకు పెట్టెలో మోకాళ్ల నొప్పి మందు గొట్టాలు దొరికాయి, చివరి చుక్కదాకా పిండి చుట్టచుట్టినవి తొమ్మిది. మాలో సెలవు అందరికంటే ఎక్కువ కావలసింది ఆయనకే. అప్పుడు ఏడ్చాను, పక్కన ఎవరున్నారో చూసుకోకుండా.

ఆయన్ని ఊరికి పంపిన మర్నాడు మేనేజర్ మమ్మల్ని పిలిచాడు. కొత్తవాణ్ణి తీసుకోవడం లేదు, ఇకనుంచి ఆరుగురూ ఆరు రోజులూ రావచ్చు, పూర్తి జీతం అన్నాడు. శుభవార్తలాగే చెప్పాడు, పాపం. ముప్పై ఆరు. లెక్క ఒక్క దినం కూడా తక్కువ పడలేదు. బయటికొచ్చాక మాలో ఒకడు "మన దినాలు మనకొచ్చినాయి" అనేసి, అంతలోనే తల దించుకున్నాడు.

నాలుగేళ్ల తర్వాత మళ్లీ సోమవారం డ్యూటీకి బయల్దేరాను. వ్యాన్ డ్రైవర్ కొత్తవాడు, మమ్మల్ని ఎరగడు. వెనక్కి తిరిగి వేలితో తలలు లెక్కపెట్టాడు. కాగితంలోనూ ఆరే ఉంది.

"ఛే. సబ్ ఆగయే?" అని హిందీలో అడిగాడు, ఆరుగురు, అందరూ వచ్చేశారా అని.

అందరం తలుపు వైపే చూశాం. డ్రైవర్ ఒక్క క్షణం ఆగి, తలుపు లాగి వేశాడు.

"యల్లా" అని వ్యాన్ కదిలించాడు.