మా అక్క రికార్డింగు చదువు

మా అక్క నలభై ఆరో ఏట వైర్లు చుట్టడం నేర్చుకుంది. వెటకారం కాదు, మూడు నెలల రికార్డింగు కోర్సులో మొదటి వారమంతా వాళ్ళు నేర్పింది అదే. కోర్సు కరపత్రం మీద బొమ్మలో ఒకాయన వంద మీటల బల్ల ముందు విమానం నడుపుతున్నంత గంభీరంగా కూర్చుని ఉన్నాడు. లోపలికి వెళ్ళాక మాత్రం అందరికీ తలో మైకు వైరు ఇచ్చి, ఒక చుట్టు పైనుంచి, మరో చుట్టు కిందినుంచి తిప్పి చుట్టమన్నారు. అలా చుడితే వైరు మెలిపడదట, విసిరితే ఒక్క ముడి లేకుండా పరుచుకుంటుందట. అక్క ఆ విద్యని ఇంటికి మోసుకొచ్చింది. బట్టలారేసే తాడు, మొక్కలకి నీళ్ళు పట్టే పైపు, ఇస్త్రీపెట్టె వైరు, చివరికి బావ బెల్టు కూడా ఆ పద్ధతిలోనే చుట్టి పెట్టింది. మా బావ బస్సు డ్రైవరు. మాట్లాడితే డీజిల్ ఖర్చవుతుందన్నట్టు ఉంటాడు. ఆయన ఆ బెల్టుని ఓపిగ్గా విప్పి, పెట్టుకుని, డ్యూటీకి వెళ్ళిపోయాడు.

నేను మాత్రం ఊరుకోలేదు. ఊరుకోవడం నా వల్ల కాదు. కళ్ళజోళ్ళ షాపులో పని నాది, రోజంతా మనుషులకి ఏం కనబడటం లేదో చెప్పడమే ఉద్యోగం. అక్కకి ఒక్కగానొక్క తమ్ముణ్ణి, పక్క వాటాలోనే ఉంటాను. అన్నిటికీ మించి, మా ఇంట్లో సంగీతమంటే నేనే. ఎవరింట్లో శుభకార్యమైనా భోజనాలయ్యాక ఒక పాట అందుకోవడం నాకలవాటు. నేను పల్లవి ఎత్తుకోగానే జనం లేచి నిలబడేవాళ్ళు. అక్క మాత్రం ముందు వరసలో కూర్చుని చివరిదాకా వినేది. ఫోనులో రికార్డు చేసుకుని వింటే నా గొంతు కాస్త తేడాగా వచ్చేది, కానీ ఫోన్లంటే అంతే కదా. ఆ మాటే ఒకసారి బావతో అంటే, ఆయన ఆ నెలకి సరిపడా మాటలు ఒక్కసారే ఖర్చుపెట్టి, ఆడలేక మద్దెల ఓడన్నట్టు అన్నాడు. ఎవరి గురించో అనుకున్నాను. ఇలాంటి నేను ఇంట్లో ఉండగా, పాటలు రికార్డు చేసే సర్టిఫికెట్టు అక్క తెచ్చుకోవడమేమిటని నా బాధ.

అసలు అక్కకి ఈ పిచ్చి ఎలా పట్టిందో చెప్పాలి. ఇరవై రెండేళ్ళు తను టెలిఫోను కంపెనీలో ఫిర్యాదులు వినే కుర్చీలో కూర్చుంది. అవతలి మనిషి ఊపిరి తీసుకునే పద్ధతిని బట్టి తిడతాడా, ఏడుస్తాడా, ఊరికే పలకరింపుకి చేశాడా చెప్పేసేది. గొంతు చక్కగా ఉందని ఆఫీసువాళ్ళు ఒకరోజు తనని స్టూడియోకి తీసుకెళ్ళి, రెండు రోజులపాటు "ఒకటి నొక్కండి, రెండు నొక్కండి, దయచేసి లైనులో ఉండండి" అని రకరకాలుగా చెప్పించారు. ఒక శాలువా కప్పి ఫొటో కూడా తీశారు. ఆ గొంతుని యంత్రానికి ఎక్కించి, మూడో నెలలో ఆ కుర్చీతో ఇక పని లేదని తనని ఇంటికి పంపించేశారు. తన గొంతే తన ఉద్యోగం ఊడగొట్టిందన్నమాట. బావ ఇప్పటికీ అప్పుడప్పుడు ఆ నంబరుకి ఫోన్ చేసి వింటాడు. ఎందుకని అడిగితే, ఇంట్లో తను ఇంత మర్యాదగా మాట్లాడదన్నాడు.

అక్క ఏడవలేదు. ఆ రెండు రోజుల స్టూడియో మాత్రం తన మనసులో ఉండిపోయింది. చూపులేని పిల్లలకి పాఠాలు రికార్డు చేసే సంస్థ ఒకటుందని తెలిసి వెళ్ళి అడిగింది. అక్కడి పెద్దావిడ అక్క చెవిని పరీక్షించి ముచ్చటపడింది, కానీ కోర్సు సర్టిఫికెట్టు లేకుండా తీసుకోవడానికి రూలు ఒప్పుకోదంది. మూడు నెలల్లో తెస్తే కుర్చీ నీది, లేకపోతే ఇంకొకరిది అని తేల్చి చెప్పింది. అక్క మర్నాడే వెళ్ళి కోర్సులో చేరిపోయింది.

క్లాసులో పదిహేను మంది. అక్కని తీసేస్తే అందరిలోకీ పెద్దవాడికి ఇరవై మూడు. ప్రతివాడూ ఆరు నెలల్లో సంగీత దర్శకుడు కావలసినవాడే. ఒకడైతే అవార్డు తీసుకునేటప్పుడు చెప్పే మాటలు కూడా రాసిపెట్టుకున్నాడట. వీళ్ళకి చెప్పే మాస్టారు మెడలో హెడ్‌ఫోన్లు వేసుకుని తిరుగుతాడు, అవి చెవులకి పెట్టుకోగా చూసినవాళ్ళు లేరు. ఏం అడిగినా "ముందు వినండి" అనేది ఆయన సమాధానం. మొదట్లో వాళ్ళు అక్కని ఆంటీ అని పిలిచి ఓ మూల కూర్చోబెట్టారు. రెండో వారంలో స్పీకర్లలో ఏదో సన్నటి మోత వస్తుంటే, మాస్టారు గంటసేపు వైర్లన్నీ పీకి మళ్ళీ పెట్టినా దొరకలేదు. అక్క లేచి వెళ్ళి వరండాలో ట్యూబులైటు ఆపింది. మోత పోయింది. ఆ రోజునుంచి ఆంటీ కాస్తా అందరికీ అక్క అయింది.

క్లాసులో మర్యాద పెరిగేకొద్దీ ఇంట్లో మాకు హింస పెరిగింది. ఏ గదిలోకి అడుగుపెట్టినా ఒక్క చప్పట కొట్టి, తల వంచి, గోడలేమంటున్నాయో వినేది. మా పెద్దమ్మ కోడలు కొత్తిల్లు చూడ్డానికి పిలిస్తే హాల్లో చప్పట, వంటింట్లో చప్పట, బాత్రూములో కూడా చప్పట. ఆ ఇల్లాలు ముందు మెచ్చుకుంటున్నారనుకుంది, తర్వాత దోమలనుకుంది. చివరికి అక్క "హాలు మరీ మోగుతోంది వదినా, గోడలకి రెండు పరుపులు నిలబెట్టించు" అని సలహా ఇచ్చి వచ్చింది. ఆవిడ మళ్ళీ మమ్మల్ని పిలవలేదు.

ఇంట్లో రికార్డింగు సాధన చేసేటప్పుడు ఫ్రిజ్జు మోత అడ్డమని దాన్ని ఆపేసేది, తర్వాత వెయ్యడం మర్చిపోయేది. రెండుసార్లు పాలు విరిగాయి. మాస్టారు దానికో చిట్కా చెప్పాడు. ఏ వస్తువు లేకపోతే గడప దాటలేరో అది ఆ ఫ్రిజ్జులోనే పెట్టాలట, అది తీసుకునేటప్పుడు ఫ్రిజ్జు గుర్తొస్తుందట. మర్నాడు నా స్కూటరు తాళం కనబడలేదు. రెండు వాటాలూ గాలించి, షాపుకి ఆలస్యమై, ఇంటిల్లిపాదినీ తిట్టాక అది పాలగిన్నె పక్కన చల్లగా దొరికింది. నీ తాళం పెట్టుకోవచ్చుగా, నాదెందుకని నిలదీశాను.

"నాదైతే నేను మర్చిపోతాను. నీదైతే నువ్వు ఊరుకోవుగా," అంది.

ఇవన్నీ నేను షాపుకొచ్చినవాళ్ళకి కథలుగా చెప్పి నవ్వించేవాణ్ణి. లోపల మాత్రం ఒకటి గుచ్చుకుంటూనే ఉంది. కోర్సు చివర పరీక్ష ఉంది. రెండు గంటలు స్టూడియో ఇస్తారు, ఎవరిచేతనైనా ఒక పాట పాడించి ఒంటిచేత్తో రికార్డు చేసి చూపించాలి. తప్పిన శ్రుతిని సరిచేసే సాఫ్ట్‌వేరు ఒకటుంటుందట, దాన్ని ముట్టుకోకూడదు. ఫెయిలైతే మళ్ళీ మూడు నెలల తర్వాతే, ఈలోగా పాఠాల సంస్థలో కుర్చీ ఎగిరిపోతుంది. ఇంత అవసరంలో, పక్క వాటాలో నన్ను పెట్టుకుని, అక్క తన క్లాసు అమ్మాయినొకదాన్ని పాడమని అడిగింది. నన్ను మాటవరసకైనా అడగలేదు.

పరీక్షరోజు దిగబెట్టే నెపంతో నేనే వెంట వెళ్ళాను, ఫ్లాస్కులో వేడినీళ్ళు పోసుకుని మరీ. అంతకు ముందు రెండు రోజులు స్నానాల గదిలో గొంతు సానబెట్టుకున్న సంగతి ఎవరికీ చెప్పలేదు. దేవుడు నా వైపున్నాడు. ఆ అమ్మాయికి జలుబు చేసి గొంతు పూర్తిగా పోయింది. అక్క మెట్లమీద నిలబడి ఒకరి తర్వాత ఒకరికి నలుగురికి ఫోన్ చేసింది. నేను పక్కనే నిలబడి గొంతు సవరించుకుంటూనే ఉన్నాను. ఐదో నంబరు వెతుకుతూ నావైపు చూసి, చాలాసేపు ఆలోచించి, సరే లోపలికి రారా అంది.

పాడే గది అగ్గిపెట్టెంత ఉంది. గోడలకి మెత్తటి దళసరి గుడ్డ, ఒక వైపు గాజు కిటికీ. కిటికీ అవతల మీటల బల్ల ముందు అక్క, పక్కన మాస్టారు. అక్క నా నోటికీ మైకుకీ మధ్య జానెడు కొలిచి, మధ్యలో వలలాంటి గుండ్రటి తెర పెట్టి, తల కదపొద్దని చెప్పి వెళ్ళింది. హెడ్‌ఫోన్లలో వాద్యాలు మొదలయ్యాయి. క్లాసులో ఒకరు కట్టిన వాన పాట. పల్లవి, రెండు చరణాలూ ప్రాణం పెట్టి పాడాను. బాగుంది, ఇంకోసారి అని అక్క గొంతు చెవిలో వినిపించింది. ఇంకోసారి పాడాను.

ఆ బల్ల మీద ఒక ఎర్ర మీట ఉంటుంది. దాన్ని మెల్లగా నొక్కి పట్టుకుంటే అవతలి మాట పాడేవాడి చెవిలో పడుతుంది, వదిలితే ఆగిపోతుంది. గట్టిగా నొక్కితే మాత్రం కిందికి దిగి అలాగే ఉండిపోతుంది, మళ్ళీ నొక్కేదాకా పైకి రాదు. పనికి కొత్తవాళ్ళందరూ ఏదో ఒకరోజు చేసే తప్పట అది. మూడు నెలల్లో ఒక్కసారీ చెయ్యని అక్క ఆ కంగారులో చేసింది. ఇద్దరూ ఒకరివైపు ఒకరు తిరిగి మాట్లాడుకుంటున్నారు, ప్రతి మాటా నా చెవిలో పడుతోంది.

"మీ తమ్ముడు పల్లవినుంచీ శ్రుతికి కిందే ఉన్నాడమ్మా," అన్నాడు మాస్టారు.

"తెలుసండీ. అదేం ఇవాళ కొత్త కాదు."

ఆయన ఎవరూ చెప్పలేదా అని అడిగాడు. పోనీ ఇప్పుడు మెల్లగా చెప్పి పంపించెయ్, ఇంకా గంటంబావు ఉంది, ఎవరినైనా పట్టుకొద్దువుగాని అన్నాడు. అక్క తల అడ్డంగా ఊపింది.

"నాన్న ఒకసారి చెప్పబోతే నేనే ఆపాను. వాడికి చిన్నప్పుడు నత్తండీ. క్లాసులో పేరడిగితే చెప్పలేక ఏడుస్తూ ఇంటికొచ్చేవాడు. పాడేటప్పుడు మాత్రం ఒక్క అక్షరం తడబడేది కాదు. అందుకని పాడనిచ్చాం. ఇంట్లో అందరం కూర్చుని వినేవాళ్ళం."

"మరి నీ పరీక్ష?"

"పోతే పోయింది. వాడికి నేను చెప్పలేను."

నేను గాజువైపు వీపు పెట్టి, ఫ్లాస్కు మూత తిప్పుతున్నట్టు నటించాను. మొదట ఒళ్ళు మండింది. ఎవడో మెడలో హెడ్‌ఫోన్లవాడికి నా పాట సంగతేం తెలుసనుకున్నాను. ఆ తర్వాత ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. నేను పల్లవి ఎత్తుకోగానే లేచి నిలబడ్డవాళ్ళు చెప్పుల కోసం లేచారు. బావ చెప్పిన మద్దెల నాదే. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. అన్నిటికంటే, అక్క నా కోసం ఆ కుర్చీ వదులుకోబోతోందన్నది భరించలేకపోయాను.

ఇటు తిరిగేసరికి అక్క నవ్వు మొహం పెట్టి మీట నొక్కుతోంది. దిగి ఉన్న మీట ఆ నొక్కుడుకి పైకి లేచింది కాబోలు, నా చెవుల్లో ఏమీ లేదు. పెదవులు మాత్రం కదిలాయి. చాలా బాగుందిరా అంటోందని తెలుస్తూనే ఉంది. అంతలో తను చేతి కింద మీటని చూసుకుంది. మొహం పాలిపోయింది.

నేను మైకు దగ్గరికి జరిగాను. "అ... అక్కా," అన్నాను. ముప్పై ఏళ్ళుగా రాని తడబాటు వచ్చింది. ఊపిరి పీల్చుకుని మళ్ళీ మొదలుపెట్టాను. "పరీక్ష నీకా, నాకా?"

మాస్టారు ముందు నవ్వాడు, తర్వాత ఆలోచించి, తనే మీట నొక్కి, నిజమే, మార్కులు పాటకి కాదు, పట్టిన తీరుకే అన్నాడు. అక్క కళ్ళు తుడుచుకుని లోపలికొచ్చింది. స్టాండుని గోడకి దూరంగా జరిపింది, మైకుని కాస్త పక్కకి వంచింది, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నా పాటకి వంక పెట్టింది. అరవకు, పక్కన కూర్చున్న మనిషికి చెప్పినట్టు పాడు అంది. అలాగే పాడాను. తను ఒక్క మీట కంగారుగా తిప్పలేదు, శబ్దం కొలిచే సూది ఒక్కసారీ ఎర్ర గీత దాటలేదు.

మాస్టారు హెడ్‌ఫోన్లు మెడమీంచి తీసి నిజంగానే చెవులకి పెట్టుకున్నాడు. రెండుసార్లు విని కాగితం మీద రాశాడు: గొంతు చాలా శుభ్రంగా పట్టారు, గాయకుడి తప్పు ఒక్కటి కూడా దాక్కోలేదు, ఉత్తీర్ణత. నాకొచ్చిన మొదటి సంగీత విమర్శ అది.

ఆయన వెళ్ళాక అక్కని పెద్ద స్పీకర్లలో వినిపించమన్నాను. వద్దులేరా అంది. పట్టుబట్టాను. నిందించడానికి ఫోను లేని చోట, నలభై రెండేళ్ళ వయసులో, నా పాట నేను మొదటిసారి విన్నాను. మొదటి చరణం ఓర్చుకున్నాను. రెండో చరణంలో వాన ఒక వైపు, నేను ఒక వైపు వెళ్ళిపోతుంటే చెయ్యి అడ్డం పెట్టి ఆపించాను.

"ఇన్నేళ్ళు ఎలా విన్నావక్కా?" అన్నాను.

తను వైరు చుట్టుకుంటూ, నావైపు చూడకుండానే చెప్పింది.

"నత్తి పోయాక నువ్వే మానేస్తావనుకున్నాం రా."