మా ఎకరన్నర, చిచ్చా పాస్‌బుక్కు

మా ఎకరన్నర పత్తి చేను కాగితాల్లో మాది కాదు. అమ్మ మెడలో గొలుసు అమ్మి మరీ మా నాన్న దాన్ని కొన్నాడు గానీ, తెల్లకాగితం మీద రాయించుకుని ఊరుకున్నాడు. రిజిస్ట్రేషన్ అంటూ ఆఫీసుల చుట్టూ ఎవడు తిరుగుతాడులే అనుకున్నాడట. ఆయన హాయిగా పోయాడు, అవస్థ మాకు మిగిలింది. పట్టాదారు పాస్‌బుక్కు ఇప్పటికీ అమ్మినాయన పేరు మీదే ఉంది. ఆయన్ను మేం బాబాయి వరసలో చిచ్చా అని పిలుస్తాం. ఇల్లు మా వెనక వాడలోనే.

అందుకే సర్కారు ఇచ్చే పెట్టుబడి సాయం కూడా చిచ్చా ఖాతాలోనే పడుతుంది. ఫోనుకు మెసేజ్ వచ్చిన మర్నాడే ఆయన పరకాల బ్యాంకుకు పోతాడు. తీసిన నోట్లు తీసినట్టే తెచ్చి మా అమ్మ చేతిలో పెడతాడు. బస్సు కిరాయి కూడా పట్టుకోడు. ఇన్నేళ్లలో ఒక్కసారి తప్పలేదు.

మొన్న వానాకాలం ఊరందరికీ డబ్బులు పడ్డాయి. చిచ్చా రాలేదు. వారం గడిచినా రాలేదు. ఆయన భార్యకు తుంటి ఎముక విరిగి, వరంగల్ దవాఖానలో ఆపరేషన్ అయి ఇంటికొచ్చిందని మాకు తెలుసు.

"ఉంచుకోనియ్యి బిడ్డా, ఆమె మంచంల ఉన్నది. ఒక్కసారికి మనకేమైతది?" అంది అమ్మ.

నాకసలే ముక్కు మీద కోపం. ఒళ్లు మండింది. "ఇయ్యాల పైసలు ఉంచుకుంటరు, రేపు చేను మాదే అంటరు. కాగితాలు చూస్తే గెలిచేది వాళ్లే. అప్పుడు నువ్వేం దున్నుతవ్ అవ్వా?" అన్నాను. అమ్మకున్న ఆధారం ఆ చేనొక్కటే. అది పోతే ఈ వయసులో కూలికి పోవాలి.

ఆదివారం పొద్దున్నే మొహమాటం లేకుండా అడిగేయాలని బయల్దేరాను. ఏమేం అనాలో దారి పొడుగునా మనసులో వల్లెవేసుకున్నాను.

చిచ్చా భార్య మంచంలో ఉంది. హైదరాబాదులో ఆటో నడిపే కొడుకు రాత్రే వచ్చాడట, ఆమె పక్కన కూర్చుని ఉన్నాడు.

"జర కూసో బిడ్డా. మేమే మీ ఇంటికి రావాలనుకుంటానం" అన్నాడు చిచ్చా. అల్మారాలోంచి ఒక కవరు తీశాడు. నాకివ్వలేదు, కొడుకు చేతిలో పెట్టాడు.

"అక్కకు నువ్వియ్యి."

కొడుకు కదల్లేదు. "అమ్మ మందులకు అప్పు తెచ్చిన అంటివి గదా. ఇంట్ల ఇన్ని పైసలు పెట్టుకొని?" అన్నాడు.

"అప్పు నేను తీరుస్త. ఇవి మనయి కావు. ఆ చేను వీళ్ల బాపుకు అమ్మిన. నువ్వప్పుడు చిన్నగున్నవ్, నీకెరుక లేదు. ఈ పైసలు ఒక్కసారి మనింట్ల ఖర్చైతే చేను మనదే అనిపిస్తది. అందుకే నువ్వొచ్చేదాక ఆగిన. రేపు నేను పోయినా, నువ్వే తీస్కపోయి ఇయ్యాలె."

ఇంట్లో నేను అమ్మతో అన్న మాటే అది. నేను ఆయన మీద అనుమానంతో అన్నాను. ఆయన తన కొడుక్కి జాగ్రత్త చెబుతున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

కొడుకు కాసేపు వాళ్లమ్మ వైపు చూసి లేచాడు. "తీస్కో అక్కా" అంటూ కవరు అందించాడు. మందులకు కొన్ని ఉంచమని నోటిదాకా వచ్చింది. చిచ్చా చూపు చూసి ఆగిపోయాను.

"మీ అవ్వను ఫికర్ చెయ్యొద్దను" అన్నాడాయన.

నేనెందుకొచ్చానో మాత్రం అడగలేదు. అడిగి, నాలుగు తిట్టినా బాగుండేది.