వదినగారి గోరు

కార్లు కడిగే ఆ షెడ్డుకు యజమాని మరిది. అయినా వచ్చినవాళ్ళు అతన్ని పట్టించుకోరు. "వదినగారున్నారా?" అంటారు. అతను వదినా, వదినా అని పిలవగా పిలవగా ఊరందరికీ ఆవిడ వదినగారైపోయింది.

ఇరవై రెండేళ్ళుగా ఆవిడది ఒకటే పని. కారు రంగు మీద క్లియర్ కోటు అని అద్దంలాంటి పూత ఉంటుంది. ఎంత కడిగినా దాన్ని వదలని ఇనపరజనునూ తారు చుక్కలనూ క్లే అనే మెత్తటి బంకమట్టిలాంటి ముద్దతో లాగెయ్యాలి. ఓస్, రుద్దడమేగా అనుకుంటారు. రుద్ది చూడండి మరి, తెలుస్తుంది!

ఎండలో ఉన్న కారును ఆవిడ ముట్టుకోదు. నీడకు తెప్పించి, రేకు చల్లబడేదాకా కూర్చుంటుంది. చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని అంతా తడుముతుంది. అలాగైతే రవ్వంత గరుకు కూడా వేలికి తెలిసిపోతుందట. అప్పుడు సబ్బునీళ్ళు ధారాళంగా చల్లి, ముద్దను నొక్కకుండా తిన్నగా నడుపుతుంది. గుండ్రంగా తిప్పితే ఒట్టు. మధ్యమధ్య ముద్దను మడిచి శుభ్రమైన వైపు బయటికి తెస్తుంది. ఆ ఓపికకు దణ్ణం పెట్టాలి.

ఈ మధ్య ఆవిడ కళ్ళకు పొర కమ్మింది. మరిదికి భయం పట్టుకుంది.

"ఈ ఒక్క కారూ చూస్తాను వదినా. తేడా వచ్చిందంటే రేపట్నించి ఫోన్లెత్తే కుర్చీలో కూర్చో," అన్నాడు.

కుర్చీ మాట వినగానే ఆవిడ ప్రాణం ఉసూరుమంది.

ఆ కారు డ్రైవింగ్ నేర్పే మాస్టారిది. ముదురు నీలం. పాలిష్ మీద పాలిష్ పట్టించి పైపూతను ఉల్లిపొర చేసి పెట్టారు. ఇక గీత పడితే అరగదీసి పోగొట్టే దారి లేదు.

బానెట్ సగమయ్యేసరికి ముద్ద చేయి జారి సిమెంటు నేల మీద పడింది. ఉన్నది అదొక్కటే. కొత్తది మర్నాటికి గానీ రాదు. ఆవిడ వంగి తీసి, తిన్నగా చెత్తబుట్ట వైపు నడిచింది.

"పారేస్తావా? మాస్టారు గంటలో వస్తారు. కడిగి, పిసికి, లోపలి వైపు తిప్పితే సరిపోదూ?" అన్నాడు మరిది.

"ఒక్క ఇసకరేణువు చాలు."

"నాకేం కనపడట్లేదే. నీ కళ్ళకు కనపడిందా?"

"అయితే తీసుకెళ్ళి నీ బండి ట్యాంకు మీద రుద్దుకో."

మొన్ననే కొన్న నల్ల మోటారుసైకిలు అది. అయినా పంతం ఊరుకోనిస్తుందా? ముద్దను కడిగాడు, పిసికాడు, ట్యాంకు మీదంతా సబ్బునీళ్ళు చల్లి నాలుగుసార్లు రుద్దాడు.

"చూడు, నున్నగా ఉంది."

ఆవిడ చూడనైనా లేదు. నురగలోనే గోరు మెల్లగా జార్చి ఒకచోట ఆపింది.

"ఇక్కడ."

మరిది తుడిచి, వెలుతురుకు తల వంచి చూశాడు. జానెడు గీత. అతని ముఖం మాడిపోయింది.

మాస్టారు రాగానే ఆవిడే ఎదురెళ్ళింది. "ముద్ద కింద పడేశానండీ. తప్పు నాదే. సగమే అయింది, మిగతాది రేపు చేస్తాను."

మాస్టారు బానెట్‌ను ఆ సగమూ ఈ సగమూ నిమిరి చూసుకున్నారు. "రేపే వస్తాను. కానీ మీ చేత్తోనే చెయ్యాలి," అని వెళ్ళిపోయారు.

మరిది ఇంకా ట్యాంకు దగ్గరే నిలబడి ఉన్నాడు. లోపల ఫోన్ మోగింది.

"వదినా, ఆ కుర్చీ సంగతి..."

"వెళ్ళి కూర్చో నాయనా," అంది ఆవిడ చేతులు తుడుచుకుంటూ. "కొత్త ముద్ద పొద్దున్నే పంపమని కొట్టువాడికి చెప్పు."