దిగాల్సిన చోటు

శ్రీకాకుళంలో రాజాం బస్సెక్కి పొందూరుకు టికెట్ తీసుకున్నాను. మాది గుంటూరు. కాలేజీలో రాజనీతి శాస్త్రం చెబుతాను, సెలవుల్లో నోరు ఊరుకోదు. ఎండుచేపల గంపతో పక్కన కూర్చున్న కళింగపట్నం ఆవిడ నా పేపర్లో ఫొటో చూసి, "ఎవులు బాబూ ఈయన?" అంది.

"బ్రిటన్ ప్రధాని. ఆ దేశం యూరప్ కూటమిలోంచి బయటికొచ్చేసిందమ్మా."

"ఏరుపడ్డారన్నమాట. మరి ముందుగాల కొత్త పొయ్యెట్టుకున్నారేటి?"

"లేదు. అదెక్కడ పెట్టాలో తేలకే ఏళ్లు గడిచాయి. ప్రధానులు వరసగా దిగిపోయారు."

"అయితే మా కోడలే నయం. పొయ్యెట్టుకున్నాకే ఏరుపడతానన్నాది."

నేను రెండు వారాలు చెప్పే పాఠం అక్కడికి అయిపోయింది. అయినా నేను ఆగలేదు. ఎప్పుడు దిగాలో తెలియకపోవడమే నాయకుల జబ్బని ఒక్కో ప్రధానినీ పేరుపేరునా కడిగేశాను. ఆవిడ ఓపిగ్గా విని, "నువ్వెక్కడ దిగాల బాబూ?" అంది.

"పొందూరు."

"అదెప్పుడో ఎల్పోనాది! సదువుకున్నోలు, ఎక్కడ దిగాలో మీకు తెలీదేటని నాను ముందుగాల అడగనేదు."

కండక్టర్‌ని బతిమాలి రోడ్డు మీద దిగాను. దిగిపోయిన ప్రధానులకు ఇంటికెళ్లడానికి కారైనా ఉంటుంది. నేను తిరుగు బస్సు కోసం ఎండలో చెయ్యెత్తి నిలబడ్డాను.