మంచినీళ్లతో కడిగిన కణాలు

ఈ ఉదయం మార్కాపురం సంతలో ఎండుచేపల బుట్టలు దాటుతుంటే, ఆ వాసనకు ఓబులమ్మక్క గుర్తుకొచ్చింది. ఊరి శివార్లలో నేను పనిచేసిన చిన్న ప్రయోగశాలకు ఆమె అధికారి. గిద్దలూరు వైపు గొర్రెలు కాచుకునే ఇంట్లో పుట్టి, రసాయనశాస్త్రంలో పెద్ద చదువు చదివింది. తీరంలోని బురద నుంచి తెచ్చిన బ్యాక్టీరియాను సముద్రం ఎరుగని మా ఊళ్లో పెంచేది. ఆ సీసాల మూత తీస్తే ఇదే వాసన.

కొన్ని మందుల అణువులు కుడి ఎడమ చెప్పుల్లా రెండు రకాలు. రోగికి పనికొచ్చేది ఒకటే. మామూలు పద్ధతిలో చేస్తే రెండూ కలిసే తయారవుతాయి. ఈ బ్యాక్టీరియాలోని ఎంజైము కావలసిన ఒక్కదాన్నే చేస్తుందని అక్క నమ్మకం. నేను చెప్పబోయే రోజుకు మరునాడే మందుల కంపెనీవాళ్లు వస్తున్నారు. ఆలోగా రుజువు చూపకపోతే ఆమె ఇన్నేళ్ల పని ఆగిపోతుంది.

పెంచిన బ్యాక్టీరియా కణాలను ఉప్పునీళ్లతోనే కడగమని నాకు చెప్పింది. మా బోర్లలో వచ్చేవి ఉప్పునీళ్లు. అంట్లు ఎన్నిసార్లు తోమినా, చివర ఒక చెంబు మంచినీళ్లతో తొలిస్తేనే శుభ్రమని మా అమ్మ పద్ధతి. చేయి అలవాటుగా నేనూ ఆఖరి కడుగు ఉప్పులేని నీళ్లతో కానిచ్చాను. సముద్రపు కణాలు ఉబ్బి పగిలిపోయాయి. గంజిలా సాగే ద్రవం మిగిలింది. మళ్లీ పెంచడానికి వ్యవధి లేదు. పారబోసి, ‘కణాలు సరిగా పెరగలేదు’ అని రాస్తే అడిగేవారు లేరు. కలం తీశాను కూడా. మళ్లీ మూత పెట్టి, సీసా పట్టుకుని అక్క దగ్గరికి వెళ్లాను.

“అక్కా, చెడగొట్టినా. చివర్లో మంచినీళ్లు పోసినా.”

ఆమె సీసా వంచి చూసింది. “ఉప్పునీళ్లు తాగి పెరిగినోడివి, ఉప్పంటే అంత అలుసైపోయిందేందిరా?”

“పారబోసేదా?”

“ఆగబ్బా! పుట్ట పగిలితే చీమలు చస్తాయా ఏంది? బయటికొస్తాయి. ఎంజైము ఈ నీళ్లల్లోనే ఉంటది. మందు చేసే ముడిసరుకు తే.”

రెండూ కలిపి, మధ్యాహ్నానికి కుడి ఎడమలను విడదీసి చూపే యంత్రంలో పరీక్షించాము. మామూలు పద్ధతిలో చేసినదానికైతే కాగితం మీద రెండు శిఖరాలు లేస్తాయి, దీనికి ఒక్కటే లేచింది. “ఒంటికాలి చెప్పే తమ్ముడూ!” అని అక్క పకపకా నవ్వింది.

మరునాడు కంపెనీ పెద్దాయన, “మీ దగ్గర కణాలను పగలగొట్టే యంత్రమే లేదు. ఎంజైమును ఎట్లా తీశారమ్మా?” అని అడిగాడు.

“మా తమ్ముడు తప్పు చేసినాడు సార్. చేసింది చేసినట్ల చెప్పినాడు. ఇప్పుడు అదే మా పద్ధతి” అంది అక్క.

పని మాకే వచ్చింది. నివేదికలో ఆమె పేరు పక్కన నా పేరుంది.

అంతకుముందు నేను రాసుకున్న డైరీల్లో నేను చేసిన ఒక్క తప్పూ కనిపించదు. ఇప్పుడు తిరగేస్తే ఎవరో పరాయి మర్యాదస్తుడివి చదువుతున్నట్లుంటుంది. ఆ రోజు నుంచి రాసినవి మాత్రం నావి.