ఇంటిపేరు తేలని మొక్క

ఆ రోజుల్లో మా ధర్మవరంలో ఎవరు గడప తొక్కినా ముందు అడిగేది ఇంటిపేరే, మంచినీళ్లు ఆ తరువాతే. మొక్కలకూ అదే న్యాయమని నాకు తెలిసింది కాపురానికి వచ్చిన కొత్తలో. (నాలుగో తరగతితో బడి మానినదాన్ని, అంతకు మించిన శాస్త్రం అత్తగారింట్లో నేర్చిందే.) బెంగుళూరులో మొక్కల చదువు చదివే మా మరిది సెలవులకు వస్తూ డబ్బాలో ఒకదాన్ని తెచ్చాడు. కత్తుల్లాంటి ఆకులు, నడుమ గిన్నెలాంటి గుంట. చూడగానే నా మనసు దాని మీద పడింది. మా అత్త మాత్రం మొహం చిట్లించింది.

"కిత్తనారను ఇంట్లో పెడతార్రా యాడన్నా? చేని కంచెలో నాటిపో."

"కిత్తనార కాదుమా, అనాసకు దాయాది."

"ఇంటిపేరేమి?"

"పూస్తేగానీ తేలదు. మన మాదిరే దీనికీ ఇంటిపేరు ముందు, సొంత పేరు వెనక."

అనాస అనేసరికి అత్త మెత్తబడింది. "పూసేదాకా ఉండనీ. కాయ కాయలేదో, కంచెకే!"

బావి అడుగంటిన ఏడు అది. నా స్నానం నీళ్లలోనే ఒక చెంబు మిగిల్చి దాని గిన్నెలో పోసేదాన్ని. (ఈనాడు మా ఇంట్లో ఎవరైనా నీళ్ల కరువులో ఆ పని చేస్తే ఊరుకుంటానా!) చివరికి ఎర్రటి పూల కంకి లేచింది. అత్త వీధంతా చాటింది.

"ఏమక్కా, మాకూ ఒక ముక్క పెడతావా?" అంది పక్కింటామె.

"పండనీ, చూద్దాం" అంది అత్త బిగువుగా.

పండూ లేదు, కాయా లేదు. పువ్వు ఎండింది, ఆకులూ పసుపెక్కాయి. అత్త కొడవలి తీసిన రోజే మరిది దిగాడు. ఎండిన పువ్వు చూసి, ఇంటిపేరు తేలింది గానీ, పెద్ద పండితులు ఈ మధ్యనే దాన్ని ఆ ఇంట్లోంచి తీసి ఇంకో ఇంట్లో కలిపారని చెప్పాడు.

"అంటే దత్తుకు పోయిందా?"

"అట్లే అనుకోమా."

"దత్తుకు పోతే ఆస్తన్నా వస్తాది. దీనికేమొచ్చింది?"

అత్తకు ఎదురు మాట్లాడి ఎరగని నేను గబగబా ఎండుటాకులు పక్కకు తీశాను. మొదలు దగ్గర పచ్చటి పిలకలు!

"బిడ్డలుండారు అత్తా."

అత్త వంగి చూసింది. కొడవలి చూరులో దోపింది.

"బాలింతను కంచెకు తోసేంత పాపిష్టిదాన్నా నేను? చూస్తాండావేమ్మే, కుండలు తేపో."

తరువాత ఒక పిలకను ఒళ్లో పెట్టుకుని హిందూపురం పుట్టింటికి రైలెక్కాను. ఏం మొక్కని ఎవరో అడగడమే ఆలస్యం, పెనుకొండ వచ్చేలోపు పెట్టెలో వాళ్లందరికీ అనాస వారి వంశమంతా చెప్పేశాను. పల్లీలమ్మే ఆయన కూడా దిగడం మరిచి విన్నాడు. పదహారేళ్ల ఆ పిల్ల గొంతులోని ధీమా తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. కొంచెం అసూయ కూడా.