మ్యూజియంకి వెళ్లిపోయిన మా ఇంటి రాయి

ఇక్కడ గల్ఫ్‌లో, మా జుబైల్‌లో ఫ్యాక్టరీలు ఆపి రిపేర్లు చేసే షట్‌డౌన్ పనులు మొదలయ్యాయి కదా, వెల్డర్లతో మా కిరాణా కొట్టు కిక్కిరిసిపోతోంది. నిలబడి నిలబడి కాళ్లు పీకుతున్నాయి. ఇందాక పసుపు పొట్లాలు కడుతుంటే ఆ వాసనకి నాయనమ్మ గుర్తొచ్చింది.

మన అమరావతి వాళ్లూ, గుర్తుందా, మా పెరటి గుమ్మం పక్కన తామరపువ్వు చెక్కిన తెల్లరాయి? బౌద్ధుల కాలం నాటిదట. మాకు మాత్రం అమ్మవారే. మంగళవారం దానికి పసుపు రాయందే నాయనమ్మ పొయ్యి వెలిగించేది కాదు.

మ్యూజియం వాళ్లొచ్చి దాన్ని తీసుకెళ్లారు. ఆ వారమే మంగళవారం నాడు నాయనమ్మ కొంగున పసుపు ముడేసుకుని, నన్ను వెంటబెట్టుకుని, టికెట్ కొని మరీ లోపలికెళ్లింది. పువ్వు రేకులకి పసుపు రాసేసింది.

కాపలాదారు పరుగెత్తుకొచ్చాడు. “ఏందమ్మా ఇది! ముట్టుకోవద్దని బోర్డు కనపళ్లా?”

“మా ఇంటి పిల్లయ్యా. పంపించాక ఒకసారి చూసిపోవద్దా?”

అతను గొణుక్కుంటూ తడిగుడ్డతో తుడిచాడు. “సందుల్లోది పోవట్లేదమ్మా!”

“ఉండనీ నాయనా, అదే బొట్టు. స్నానం కూడా చేయించావు, చల్లగా ఉండు.”

ఇంటికొచ్చాకే ఆ రోజు మా పొయ్యి వెలిగింది.

ఇప్పుడు నాయనమ్మ లేదు. కొట్లో కూర్చునే మనిషి దొరక్క నేనూ ఊరొచ్చి ఏళ్లయింది. మీలో ఎవరైనా అటు వెళ్తే, ఆ రేకుల సందులో పసుపు మిగిలిందేమో చూడండి. లేకపోతే మీరేం రాయకండి, కాపలావాళ్లు ఊరుకోరు. ఊరికే ఒకసారి పలకరించి రండి.